అప్‌డేట్: రోజాబల్ సమాధి గురించి నేను అడిగిన ప్రశ్న

శ్రీనగర్‌లోని ఖాన్యార్‌లో ఉన్న రోజాబల్ ఏసుక్రీస్తు సమాధి అనే ప్రచారానికి పాత ఆధారం ఏదైనా ఉందా అని లోగడ అడిగాను. ఏ సంస్థతోనూ సంబంధం లేకుండా సొంతంగా పరిశోధిస్తున్న నాకు, ముందు అక్కడ సమాధి అయ్యాడని చెప్పే ‘యూజ్ ఆసఫ్’ అనే పేరునే పట్టుకోమని మీలో ఒకరు ఇచ్చిన సలహా ఎంతో మేలు చేసింది.

18వ శతాబ్దపు కాశ్మీర్ చరిత్రకారుడు ఖ్వాజా ముహమ్మద్ ఆజం యూజ్ ఆసఫ్ అనే రాకుమారుడు, ప్రవక్త అక్కడ సమాధి అయ్యాడన్న జనశ్రుతిని నమోదు చేశాడే గాని, ఆయనను ఏసు అనలేదు. ఆ సమాధి ఏసుదేనన్న వాదాన్ని 1899 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చినవారు ఇస్లాంలో పుట్టిన అహ్మదీయ ఉద్యమ స్థాపకుడు మీర్జా గులామ్ అహ్మద్.

నన్ను అన్నిటికంటే కదిలించింది ఆ పేరు చేసిన ప్రయాణం. జ్ఞానోదయానికి ముందు బుద్ధుణ్ణి సూచించే బోధిసత్త్వ శబ్దం అరబ్బీలో ‘బూదాసఫ్’ అయింది. ఆ లిపిలో పదం మొదట వచ్చే ‘బ’కు కింద ఒక చుక్క, ‘య’కు రెండు చుక్కలు మాత్రమే తేడా కాబట్టి, రాతప్రతుల్లో అది ‘యూదాసఫ్’గా, క్రమంగా ‘యూజాసఫ్’గా మారింది. ఆ పేరుతో నడిచిన బుద్ధుని కథ జార్జియన్, గ్రీకు భాషల మీదుగా ఐరోపా చేరేసరికి అందులోని రాకుమారుడు జోసఫత్ అనే క్రైస్తవ సాధువయ్యాడు. అంటే రోజాబల్ పేరు వెనుక నాకు కనిపిస్తున్నది ఏసు కాదు, బుద్ధుని జీవితగాథ.

అక్కడే సయ్యద్ నసీరుద్దీన్ అనే ముస్లిం సాధువు సమాధి కూడా ఉంది. స్థానికులకు అది భక్తిస్థలం కనుక, తవ్వకాలు జరపాలన్న నా పాత ప్రతిపాదనను పూర్తిగా విరమించుకుంటున్నాను.