క్వార్టర్ల వెనక కూరమడి: పచ్చగా ఉండగానే వాడిపోతున్న టమాటా, ఎవరికైనా అనుభవం ఉందా?

నాగావళి గట్టు (రాయగడ)

అందరికీ నమస్కారం. మా ఆయనది రైల్వేలో ట్రాక్ పని. క్వార్టర్ల వెనక ఖాళీ జాగాని ముక్కలు చేసి, కూరగాయలు పండించుకోమని స్టాఫుకి లైసెన్సు మీద ఇస్తారు కదా. 1940లలో మొదలైన గ్రో మోర్ ఫుడ్ (తిండి పంటలు ఎక్కువ పండించండి) పథకం పేరుతోనే ఇప్పటికీ నడుస్తోంది. అందులో రెండేళ్ల కిందట మాకు మూడు సెంట్లు వచ్చాయి. పెద్ద చెట్లు వేయకూడదు, గోడ కట్టకూడదు, ఖాళీ చేయమన్న రోజున చేసేయాలి. అయినా పుట్టింట్లో పెరడు మధ్య పెరిగిన నాకు అది దొరకడమే పండగ. వరసగా ఆరు ముక్కలు, ఆరు ఇళ్లు, ఒకటే బోరు, ఒకటే బోదె.

పోయినేడు వంగ, మిరప, టమాటా బాగా కాశాయి. ఈ ఏడు అదే చోట ఆషాఢం చివర అరవై టమాటా మొక్కలు నాటాను. వినాయక చవితికి మోకాలెత్తు దాటి పూత మీదికొచ్చాయి. ఓ పొద్దున చూస్తే నాలుగు మొక్కల తలలు వేలాడుతున్నాయి. ఆకు పసుపెక్కలేదు, మచ్చ లేదు, పురుగు లేదు. నీళ్లు చాల్లేదేమోనని పోశాను. సాయంత్రానికి కాస్త తేరుకున్నట్టే ఉండి, మూడో రోజుకి నిలువునా చచ్చిపోయాయి. ఇప్పటికి ఇరవై రెండు పోయాయి. మందుల కొట్టులో రాగి మందు ఇస్తే రెండుసార్లు మొక్కల మొదళ్లలో పోశాను, ఆగలేదు. మిగిలిన వాటినైనా దక్కించుకునే దారి చెప్పండి.

జయపురం తోట (జయపురం)

అమ్మా, ముందు నీళ్లు ఆపండి. మీరు చెప్పిందంతా బ్యాక్టీరియా ఎండు తెగులులాగే ఉంది గానీ, ఊహ మీద వద్దు, ఒక పరీక్ష చేయండి. చచ్చిన మొక్క పనికిరాదు. ఇవాళే వాడడం మొదలైన మొక్కని పీకి, మొదలు దగ్గర కాండం బెత్తెడు ముక్క కోయండి. గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, ముక్క కొస నీళ్లలో మునిగేలా దారంతో వేలాడదీసి, కదపకుండా ఐదు నిమిషాలు చూడండి. కోసిన చోటు నుంచి తెల్లటి దారంలా పాలు దిగితే అది రాల్‌స్టోనియా అనే బ్యాక్టీరియా. ఏమీ దిగకపోతే వేరే సంగతి. ఫ్యుజేరియం బూజు అయితే మామూలుగా కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి, మొక్క మెల్లగా పోతుంది. ఇలా పచ్చగా ఉండగానే కూలిపోదు.

మన ఎర్రమట్టి ఆమ్ల నేలల్లో, వానాకాలం ఉక్కలో ఈ తెగులు ఎక్కువ. చలి ముదిరాక జోరు తగ్గుతుంది.

నాగావళి గట్టు (రాయగడ)

చేశాను. కిటికీ దగ్గర పెట్టి వెనక నల్ల గుడ్డ కట్టాను. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత కోత అంచు నుంచి సన్నని తెల్ల నూలు పోగులా దిగింది, గ్లాసు అడుగుకి చేరి పొగలా పరుచుకుంది. పది నిమిషాలకి నీళ్లు బియ్యం కడిగినట్టయ్యాయి. మా పాప, నేను అలా చూస్తూ ఉండిపోయాం. పక్కన బాగున్న మొక్క కొమ్మని కూడా ఇంకో గ్లాసులో పెట్టాను, అందులో నీళ్లు తేటగానే ఉన్నాయి. ఇక అనుమానం లేదు. మందేమిటి?

జయపురం తోట (జయపురం)

మొక్క లోపలికి వెళ్లిన తర్వాత బాగుచేసే మందు లేదమ్మా. బాధగా ఉన్నా ఇది ముందే తెలియడం మంచిది, లేకపోతే కొట్లో డబ్బు పోస్తూనే ఉంటారు. వాడిన మొక్కని వేరు చుట్టూ మట్టితో సహా గోనెసంచిలోకి తీసి, బయట ఎండబెట్టి కాల్చండి. పెంటకుప్పలో మాత్రం వేయొద్దు. ఆ గుంతలో బ్లీచింగ్ పౌడర్ కొంచెం చల్లండి. మా దగ్గర ఎకరాకి ఆరు కిలోల లెక్కన వేస్తారు, అంటే సెంటుకి 60 గ్రాములు. వేరుకి గాయమైతే అందులోంచే తెగులు లోపలికి పోతుంది, కాబట్టి మిగిలిన మొక్కల మొదట్లో బొరిగెతో తవ్వకండి. కలుపు చేత్తో పీకండి.

గుణుపురం కోడలు (గుణుపురం)

చెల్లీ, నాకూ ఇదే అయింది, కాకపోతే వంగలో. అసలు తప్పు ఎక్కడుందో చెప్తాను. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప అన్నీ ఒకే ఇంటి పిల్లలు. పోయినేడు వంగ వేసిన చోట ఈ ఏడు టమాటా వేస్తే పంట మార్చినట్టు కాదు. నేను ఇప్పుడు ఆ చోట బొబ్బర్లు, తర్వాత మొక్కజొన్న, ఆ తర్వాత ఉల్లి, తోటకూర తిప్పుతున్నాను. మూడేళ్లు వంగ జాతిని ఆ మడిలోకి రానివ్వలేదు. తోటంతా కలిసి రెండు సెంట్లే కాబట్టి వంగ కోసం ఇంటి ముందు సంచుల్లో కొత్త మట్టి పోసి ఆరు మొక్కలు పెట్టుకున్నాను. ఆరు మొక్కలు మా ఇంటికి చాలు.

రకం కూడా చూడు. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ తెగులు తట్టుకునే రకాలు తెచ్చారు. వంగలో ఉత్కళ్ తరిణి, ఉత్కళ్ కేశరి, టమాటాలో ఉత్కళ్ కుమారి. మా గుణుపురం కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే ఏ సీజన్లో ఏది దొరుకుతుందో చెప్తారు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క రక్షక్ కూడా తట్టుకుంటుంది గానీ అది హైబ్రిడ్, గింజ దాచుకోవడానికి పనికిరాదు. అడవి వంగ మొదలు మీద అంటు కట్టిన నారు కూడా ఇప్పుడు అమ్ముతున్నారు.

మట్టి పరీక్ష చేయించావా? మాది బాగా పులుపు మట్టి అని తేలితే సెంటుకి నాలుగు కిలోల సున్నం వేసి కలియదున్నించాను. నాటడానికి నెల ముందే వేయాలి. గెత్తం (పశువుల ఎరువు), యూరియాతో కలిపి వేయకూడదు, నత్రజని గాలిలో కలిసిపోతుంది.

పర్లాకిమిడి మాస్టారు (పర్లాకిమిడి)

అందరూ మంచి మాటలే చెప్పారు. కానీ ఈ అమ్మాయి మొదటి పోస్టులో ఒక వాక్యం ఉంది, దాని మీద ఎవరూ మాట్లాడలేదు. ఆరు ముక్కలు, ఒకటే బోదె. అసలు సమస్య అక్కడే ఉందని నా నమ్మకం.

మహేంద్రతనయ ఒడ్డున మేం ఎనిమిది మంది రిటైరైనవాళ్లం ఒక రైతు దగ్గర ముప్ఫై సెంట్లు కౌలుకి తీసుకుని పంచుకున్నాం. రెండో ఏడు ఎగువ ముక్కలో వంగ పోయింది. ఆ ముక్క ఆయన మొహమాటపడి ఎవరికీ చెప్పలేదు. నీళ్లు అతని మడిలోంచి పారి రెండో మడిలోకి, అందులోంచి మూడో మడిలోకి వచ్చేవి. నెలన్నరలో వరసగా అయిదు ముక్కల్లో మొక్కలు కూలాయి, సరిగ్గా నీరు పారిన వరసలోనే. నేను నా మడిలో పంట మార్చాను, మంచి రకమే వేశాను, అయినా అంచున ఉన్న మొక్కలు పోయాయి. ఈ బ్యాక్టీరియా నీళ్లతో వస్తుంది, పారకంటిన మట్టితో వస్తుంది, అరికాలి బురదతో వస్తుంది. పక్కపక్కనే ముక్కలున్నప్పుడు ఒక్కరి జాగ్రత్త చాలదు.

తర్వాత మేం చేసింది ఇది. మడిలోంచి మడికి నీరు పారించడం మానేశాం. పెద్ద బోదె పక్కగా తీసి, ప్రతి ముక్కకి విడిగా చిన్న తూము పెట్టాం. తెగులున్న ముక్కకి అందరికన్నా చివర నీళ్లు. పార, గునపం ఒకరివి ఒకరు వాడితే బ్లీచింగ్ నీళ్లలో ముంచి ఇవ్వాలి. అన్నిటికన్నా పనికొచ్చింది ఇంకోటి: ఏ ఏడు ఎవరు వంగ జాతి వేయాలో అందరం కూర్చుని నిర్ణయించుకుంటాం. ఈ ఏడు నేనూ ఇంకొకరూ టమాటా వేస్తే మిగతా ఆరుగురు చిక్కుళ్లు, పాదులు, ఆకుకూరలు. పండినవి మార్చుకుంటాం. మా ఆవిడ మొదట ఒప్పుకోలేదు, మన ఇంట్లో వంకాయ లేకుండా ఎలా అని. ఇప్పుడు పక్కవాళ్ల వంకాయలు తెచ్చి మా పొట్లకాయలు ఇచ్చి వస్తోంది.

చెప్పకుండా దాచిన ఆయన మీద నాకు కోపం లేదు. పంట పోతే మనిషికి సిగ్గేస్తుంది. కానీ మొదటి మొక్క వాడిన రోజే చెప్పి ఉంటే నాలుగు ముక్కలు దక్కేవి.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)

మాది గడ్చిరోలి జిల్లా, నల్లరేగడి. మాకు ఎండు తెగులు తక్కువనే, మా బాధ బెండల పల్లాకు. పర్భణి క్రాంతి రకం పెట్టినంక కొంచెం నయం. తెల్లదోమ వల్ల వస్తది కాబట్టి ఒక్క మొక్కకు ఈనెలు పసుపు రంగు తిరిగినా పీకేస్తున్న.

ఇంకో ముచ్చట చెప్పాలె, అందరికీ పనికొస్తది. పోయిన యాసంగిల గోబి పువ్వు మధ్యల గోధుమ రంగు తిరుగుతుంటే ఈ గ్రూపులనే ఎవరో రాసిన్రు, బోరాక్స్ (బోరాన్ ఉండే ఎరువు) గుంటకు 160 గ్రాములు వేయమని. వేసిన. పది రోజులల్ల ఆకుల అంచులు కాలినట్లయినయి. తర్వాత తెలిసింది, రాసినాయన ఒడిశా ఆయన. ఒడిశాల ఎకరాకు ఇరవై అయిదు గుంటలు, గుంట అంటే నాలుగు సెంట్లు. మా మహారాష్ట్రల ఎకరాకు నలభై గుంటలు, గుంట అంటే రెండున్నర సెంట్లే. నాకు 100 గ్రాములు కావాల్సింది, 160 పోసిన. బోరాన్ కొంచెం ఎక్కువైనా విషమే. దయచేసి ఎవరు రాసినా సెంట్లలనో చదరపు మీటర్లలనో రాయున్రి.

జయపురం తోట (జయపురం)

అన్నా, ఆ పోస్టు నాదే. క్షమించండి. సెంటుకి 40 గ్రాములు అని రాసి ఉండాల్సింది. ఇప్పుడే దాన్ని సరిచేశాను. నల్లరేగడికి మట్టి పరీక్ష లేకుండా బోరాక్స్ అసలు వద్దు, అది మా ఎర్రమట్టి కోసం చెప్పిన మాట.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)

అయ్యో, తప్పేం లేదు తమ్మీ. మళ్ల నీళ్లు ఎక్కువ కట్టి కడిగేసిన, సగం పంట చేతికొచ్చింది.

బరంపురం అక్కయ్య (బరంపురం)

నాగావళి గట్టు గారూ, మిగిలిన మొక్కల్లో కాయ పట్టినవి ఉంటే రంగు తిరగడం మొదలవగానే, అంటే కింది భాగంలో లేత గులాబీ కనబడగానే కోసేయండి. గోనె మీద ఒక వరసగా పరిస్తే ఇంట్లో పండుతాయి. మొక్క ఎప్పుడు పోతుందో తెలియనప్పుడు పండేదాకా ఆగడం నష్టం.

కోత గురించి ఇంకో మాట, ఎందుకంటే కొత్తగా వేసినవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. కాయ పెద్దదవ్వాలని ఉంచేస్తారు. బెండ రోజు విడిచి రోజు కోయాలి. ఒక్క కాయ ముదిరినా మొక్క బలమంతా దాని గింజకే పోతుంది. ఆనపకాయకి నూగు ఇంకా ఉండి, గోరు గుచ్చితే సులువుగా దిగాలి. వంకాయ బొటనవేలితో నొక్కితే సొట్ట తిరిగి లేవాలి, మెరుపు పోయిందంటే లోపల గింజ పడినట్టే. ఉల్లికి సగం మొక్కల మెడలు వాలాక నీళ్లు ఆపాలి. బీరకాయ మీద మాత్రం పందెం కాయొద్దు. మొన్న పొద్దున చేతికి సరిపోదని వదిలిన కాయ మర్నాటి సాయంత్రానికి పీచెక్కింది. దాన్ని ఎండబెట్టి గింజకే ఉంచాను. ఈగ కుట్టి వంకర తిరిగిన కాయలు మడిలో వదలకండి, మోచేతి లోతు గొయ్యి తీసి పాతేయండి.

నాగావళి గట్టు (రాయగడ)

అందరికీ చేతులెత్తి దండం. మాస్టారు గారి పోస్టు నిన్న రాత్రి మా వరసలో ఆరు ఇళ్లకీ చదివి వినిపించాను. పై ముక్క ఆవిడ ఏడ్చేసింది. వాళ్ల మిరపలో నెల కిందటే ఇలా మొదలైందట, మంత్రం వేయించి ఊరుకున్నారట. ఎవరం ఏమీ అనలేదు. గ్లాసు పరీక్ష వాళ్ల మిరపతో కూడా చేశాం, పాలు దిగాయి.

ఈ ఆదివారం మగవాళ్లంతా సెలవు చూసుకుని బోదె పక్కకి తీస్తున్నారు. నా మిగిలిన మొక్కల్లో పన్నెండు ఇంకా నిలబడి ఉన్నాయి. కొత్త ఏడు చివరి రెండు ముక్కల్లోనే వంగ, టమాటా. మా ముక్కలో బొబ్బర్లు, మొక్కజొన్న. ఎండాకాలంలో నారుమడికి నీళ్లు పెట్టి అవతలికి కనబడే పారదర్శక ప్లాస్టిక్ షీటు నెలన్నర కప్పి ఉంచమని కృషి విజ్ఞాన కేంద్రంలో చెప్పారు, అదీ చేస్తాం. ఉత్కళ్ కుమారి గింజ దొరికితే ఆరిళ్లకీ సరిపడా ఒకే మడిలో నారు పోస్తాను.

గుణుపురం అక్కా, బొబ్బర గింజలు మీ దగ్గర ఉన్నాయా? ఆయన గురువారం పని మీద మీ ఊరు బస్సులో వస్తున్నారు.

గుణుపురం కోడలు (గుణుపురం)

ఉన్నాయి చెల్లీ. బూడిదలో కలిపి డబ్బాలో పెట్టాను, పుచ్చలేదు. అరకిలో కట్టి ఉంచుతాను. బస్టాండులో దిగి ఫోన్ చేయమను, మా అబ్బాయి తెచ్చి ఇస్తాడు.