ఒక డోసు పడిన బాబు, పక్క బెంచీలో ఆటలమ్మ: రెండో డోసు ఇప్పుడు వేయించొచ్చా?

కొర్లగుంట అమ్మ:
బాబుకు 5 ఏళ్ళు, 18 కేజీలు. 15వ నెలలో చికెన్‌పాక్స్ టీకా ఒక డోసు పడింది, రెండోది మిగిలిపోయింది. వాడి పక్క బెంచీ పాపకు శనివారం పొక్కులు లేచాయి. శుక్రవారం దాకా ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఈ రోజు సోమవారం. మా ఆయనకు 36. చిన్నప్పుడు "ఏదో అమ్మవారు పోసింది" అంటారు అత్తమ్మ, అంతకు మించి గుర్తు లేదు. ఆడబిడ్డకు నాలుగో నెల. వచ్చే ఆదివారం చిత్తూరు నుంచి పుట్టింటికని మా దగ్గరికే వస్తా ఉంది. బాబుకు ఇప్పుడు టీకా వేయిస్తే పనికొస్తుందా? ఆ టీకా వల్ల ఆమెకు ఏమన్నా అంటుకుంటుందా?

పిల్లల వార్డు:
వేయించండి, రేపు దాటనివ్వకండి. పొక్కులు కనపడే 1–2 రోజుల ముందు నుంచే అంటుకుంటుంది కాబట్టి మీ లెక్క శనివారం కాదు, గురువారం నుంచి మొదలవుతుంది. సోకిన 3 రోజుల లోపల టీకా పడితే బాగా పని చేస్తుంది, 5 రోజుల దాకా ఎంతో కొంత లాభం ఉంటుంది. అంటే రేపు మంగళవారమే గడువు. గడువు దాటినా వేయించాల్సిందే, అది ఎలాగూ పడాల్సిన డోసు.

ఒక డోసు 80–85 శాతం దాకా కాపాడుతుంది, రెండు పడితే 90 దాటుతుంది. ఒక డోసు పడిన పిల్లలకు వచ్చినా చాలావరకు 50 లోపు పొక్కులతో పోతుంది. చాలా పొక్కుల్లో నీరు కూడా పట్టదు. దోమ కుట్టిందనుకుని బడికి పంపేస్తారు, చిక్కంతా అక్కడే.

పాత వ్యాక్సిన్ కార్డు:
మీ ఆయన సంగతి. మన వైపు తట్టుకూ ఆటలమ్మకూ రెంటికీ "అమ్మవారు పోసింది" అనే అంటారు, ఆ మాట పట్టుకుని లాభం లేదు. ఒళ్ళంతా నీటి పొక్కులు లేచి, కొన్ని ఎండుతుంటే కొన్ని కొత్తవి వచ్చాయా అని అత్తమ్మను అడగండి. అవునంటే ఆటలమ్మే. తేలకపోతే వరిసెల్లా (ఆటలమ్మ) ఐజీజీ అనే, ఒంట్లో దానికి రక్షణ ఉందో లేదో చెప్పే రక్త పరీక్ష చేయించొచ్చు. నన్నడిగితే ఫలితం కోసం ఆగకుండా టీకాయే వేయించమంటాను. ఇంతకుముందే వచ్చి ఉన్నా టీకాతో నష్టం లేదు. 13 ఏళ్ళు దాటినవాళ్ళకు రెండు డోసులు, 4–8 వారాల ఎడంతో. ఇది సర్కారు ఉచిత టీకాల జాబితాలో లేదు, ప్రైవేటులోనే కొనాలి. పెద్దవాళ్ళలో ఊపిరితిత్తులకు న్యుమోనియా పట్టే ప్రమాదం పిల్లల కంటే చాలా ఎక్కువ.

మీకూ ఎప్పుడూ ఆటలమ్మ రాకపోయి ఉంటే టీకా వేయించుకోండి. కడుపుతో లేనట్టు ముందు తేల్చుకుని, టీకా పడ్డాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి.

పిల్లల వార్డు:
ఆడబిడ్డ ప్రయాణం మాత్రం ఆపండి. జబ్బు బయటపడేది సోకిన 10–21 రోజుల్లో. గురువారం నుంచి పదో రోజు సరిగ్గా ఆమె దిగే ఆదివారమే! చివరిగా కలిసింది శుక్రవారం కాబట్టి, ఈ వారం నుంచి లెక్కేస్తే మూడో శుక్రవారం దాకా చిత్తూరులోనే ఉండటం మేలు. బాబుకు పోస్తే అన్నీ పక్కు కట్టేదాకా. వేరే గదిలో పెట్టి గుమ్మానికి వేపాకు కట్టడం మంచి అలవాటే, కానీ అది పొక్కులు చూశాక చేసే పని. అప్పటికి రెండు రోజులుగా వైరస్‌ను గాలిలో వదులుతూనే ఉంటాడు.

ఆమె ఈలోపు ఐజీజీ పరీక్ష చేయించుకోవాలి. రక్షణ ఉందంటే నిశ్చింత. లేకపోతే గర్భంలో టీకా వేయరు, కాన్పయ్యాక వేస్తారు, పాలిస్తూ ఉన్నా పర్వాలేదు. రక్షణ లేని గర్భిణి రోగి పక్కకు వెళ్ళిందంటే 10 రోజుల లోపల వరిసెల్లా ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) ఇస్తారు. మొదటి 20 వారాల్లో సోకితే బిడ్డకు లోపాలు వచ్చే అవకాశం తక్కువే, రెండు శాతానికి మించదు. అయినా తల్లికి న్యుమోనియా భయం ఉంది.

టీకా వేసిన వాళ్ళ నుంచి అంటుకోవడం బహు అరుదు, అదీ టీకా తర్వాత పొక్కులు లేచినవాళ్ళ నుంచే. ఆ భయంతో టీకా మానుకుంటే అసలు జబ్బునే ఇంట్లోకి పిలిచినట్టు.

ఫ్రిజ్ కాపలా:
వేసేచోట ఒక చూపు చూడండి. ఇది బతికున్న వైరస్ టీకా. 2–8 డిగ్రీల్లో, వెలుతురు తగలకుండా ఉండాలి. కరెంటు పోయిన ఫ్రిజ్‌లోదైతే దండగ, పైకి చూసి పోల్చుకోలేం. మెడికల్ షాపులో కొని ఈ ఎండలో స్కూటరు డిక్కీలో తీసుకుపోకండి. పొడిలో దానితో వచ్చిన నీళ్ళే కలిపి అరగంట లోపల వెయ్యాలి, 0.5 ఎంఎల్, చర్మం కింద. స్పిరిట్ తుడిచాక ఆరనివ్వమనండి, తడి మీద గుచ్చితే వైరస్ దెబ్బతింటుంది. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా) కూడా బాకీ ఉంటే అదే రోజు రెండో చేతికి వేయించొచ్చు, లేదంటే 28 రోజులు ఆగాలి.

కొర్లగుంట అమ్మ:
రేపు పొద్దున్నే పోతాం. వాడికి గత నెల ఆయాసానికి స్టెరాయిడ్ ఇచ్చారు, అడ్డమా? జ్వరం వస్తే?

పిల్లల వార్డు:
పీల్చేదైతే అడ్డం కాదు. నోటి ద్వారా రోజుకు కేజీకి 2 మి.గ్రా. లేదా మొత్తం 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు అంతకు మించి వాడి ఉంటే, ఆపాక నెల ఆగాలి. చీటీ డాక్టరుకు చూపించండి. జ్వరానికి పారాసిటమాల్ 250 సిరప్ (5 ఎంఎల్‌లో 250 మి.గ్రా. ఉండేది) 5 ఎంఎల్, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు సార్లు మించొద్దు. టీకా పడ్డాక ఆస్పిరిన్ ఆరు వారాలు ముట్టొద్దు, రేస్ సిండ్రోమ్ (మెదడు, కాలేయం దెబ్బతినే జబ్బు) ప్రమాదం. నిజంగా ఆటలమ్మే పోస్తే ఐబూప్రోఫెన్ కూడా వద్దు, పొక్కుల్లో చీము పట్టి ముదిరే ప్రమాదం ఉంది.