ఫోర్త్ డాక్ టూల్ రాస్తున్నా, కొన్ని పదాలకి పిచ్చి జవాబులొస్తున్నాయి, ఎవరైనా చూడండి

కొత్త_ఫోర్తీ:
మధ్యాహ్నం నుంచి దీని మీదే కూర్చున్నా, ఇంక నా వల్ల కావట్లేదు. ఫోర్త్ (స్టాక్ మీద నడిచే ప్రోగ్రామింగ్ భాష, అందులో ఆజ్ఞల్ని పదాలంటారు) నేర్చుకుంటున్నా, ప్రతి పదానికీ బ్రౌజర్ తెరిచి వెతకడం విసుగొచ్చి, టెర్మినల్లోనే చూసుకుందామని చిన్న టూల్ రాసుకున్నా, పేరు ఎఫ్‌డాక్. డూప్, స్వాప్, ఓవర్, రోట్ అన్నీ బ్రహ్మాండంగా వస్తున్నాయి. కానీ /మాడ్ అడిగితే ( ఎన్1 ఎన్2 -- ఎన్3 ) అని, అంటే ఫలితం ఒక్కటే అని చూపిస్తోంది. జీఫోర్త్‌లో (ఫోర్త్ నడిపే ప్రోగ్రామ్) 17 5 /మాడ్ చేసి, స్టాక్‌లో ఏముందో చూపించే .ఎస్ కొడితే <2> 2 3 అని (మొదటిది లెక్క) రెండు ఉంటున్నాయి. ఫోర్త్ స్టాండర్డ్ తప్పా జీఫోర్త్ తప్పా? అది చాలదన్నట్టు >ఆర్ అడిగితే అసలేమీ రాదు, ఎర్రర్ కూడా లేదు, ఊరికే ప్రాంప్ట్ వచ్చేస్తుంది. */ అడిగితే "నోట్స్/ అనే పదం లేదు" అంటోంది, నోట్స్ అని నేనెక్కడ కొట్టాను?? ఇదే టూల్ ఫ్రెండ్‌కి ఇస్తే వాడి దగ్గర ?డూప్ కూడా నడవట్లేదు, నా దగ్గర నడుస్తోంది. కోడ్ పది లైన్లు కూడా లేదు, అందులో తప్పు ఉండే ఛాన్సే లేదు.

ఏకవాక్యం:
షెల్ ఏది? కోడ్ ఏది?

పాతకాపు:
బాబూ, భాగహారం విషయంలో ఫోర్త్ చరిత్ర తెలియకుండా స్టాండర్డ్ తప్పు అనేయకూడదు. ఫోర్త్-79లో భాగఫలం సున్నా వైపుకి వెళ్ళేది, ఫోర్త్-83 వచ్చి ఫ్లోర్డ్ పద్ధతే (భాగఫలం కిందికి, అంటే చిన్న సంఖ్య వైపుకి) ఉండాలంది, దాంతో పాత ప్రోగ్రాములు రాసుకున్నవాళ్ళు లబోదిబోమన్నారు, చివరికి 1994 ఆన్సీ స్టాండర్డ్ ఏదైనా సరే సిస్టమ్ రాసేవాడి ఇష్టం అని వదిలేసి, కచ్చితంగా కావాల్సినవాళ్ళ కోసం ఎఫ్ఎమ్/మాడ్, ఎస్ఎమ్/రెమ్ అని రెండు వేరే పదాలు ఇచ్చింది. -7 2 /మాడ్ తీసుకో, ఫ్లోర్డ్ అయితే శేషం 1, భాగఫలం -4. సిమెట్రిక్ (సున్నా వైపుకి) అయితే శేషం -1, భాగఫలం -3. రెండూ కరెక్టే. నువ్వు రాసే టూల్ ఈ తేడా చెప్పకపోతే అది డాక్యుమెంటేషనే కాదు.

కొత్త_ఫోర్తీ:
పాతకాపు గారూ, నేను నెగటివ్ నంబర్లు ఇవ్వనేలేదండి, 17 5 ఇచ్చా. ఎంత వస్తోందని కాదు, ఎన్ని వస్తున్నాయని నా గోల.
@ఏకవాక్యం మామూలు షెల్లే భయ్యా, లినక్స్. ఇప్పుడు ఫోన్లో ఉన్నా, కోడ్ తర్వాత పెడతా.

ఏకవాక్యం:
సింగిల్ కోట్స్ పెట్టు.

సున్నా_ఆర్గ్యుమెంట్:
ఏకవాక్యం చెప్పింది కొంచెం విడమరిచి చెప్తా లేకపోతే అర్థం కాదు. నువ్వు కొట్టిన లైన్ ముందు షెల్ చదువుతుంది, ఆ తర్వాతే నీ ప్రోగ్రామ్‌కి చేరుతుంది. ఫోర్త్‌లో స్పేస్ కానిదేదైనా పేరులో ఉండొచ్చు, షెల్‌కేమో ఆ గుర్తుల్లో సగానికి సొంత అర్థాలున్నాయి. ఎఫ్‌డాక్ >ఆర్ అంటే షెల్‌కి అర్థమయ్యేది "ఎఫ్‌డాక్‌ని ఏ ఆర్గ్యుమెంటూ లేకుండా నడుపు, వచ్చినదంతా ఆర్ అనే ఫైల్లో పొయ్యి" అని. ఒకసారి ఎల్ఎస్ కొట్టి చూడు, ఆ ఫోల్డర్లో ఆర్ అనే ఫైల్ ఒకటి పుట్టి ఉంటుంది, క్యాట్ చేస్తే "ఏ పదం కావాలి" లాంటి నీ మెసేజే అందులో కనపడాలి. */ అంటే "ఇక్కడున్న ఫోల్డర్లన్నీ" అని, నీకు నోట్స్ అనే ఫోల్డర్ ఉంది కాబట్టి అదే మొదటి ఆర్గ్యుమెంట్‌గా వెళ్ళింది. ఫ్రెండ్ వాడేది జెడ్‌ఎస్‌హెచ్ అనే షెల్ అయ్యుంటుంది, అందులో ?డూప్‌కి సరిపోయే ఫైల్ దొరక్కపోతే అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. బ్యాష్ అయితే పోనీలే అని ఉన్నదున్నట్టు పంపేస్తుంది. అందుకే నీ దగ్గర నడిచింది.

కొత్త_ఫోర్తీ:
ఆర్ ఫైల్ నిజంగానే ఉందండీ బాబూ!! లోపల "వాడుక: ఎఫ్‌డాక్ పదం" అని నా లైనే. కోట్స్ పెడితే >ఆర్, */ కుదిరాయి... అంటే >ఆర్ కుదిరింది, */ కి ఇప్పుడు "*/ అనే పదం లేదు" అంటోంది. /మాడ్ మాత్రం కోట్స్ పెట్టినా అదే ఒక్క ఫలితం. మరి ఇది స్టాండర్డ్ తప్పేగా?

స్టాక్‌మిత్ర:
అసలు ఇదంతా ఎందుకు? జీఫోర్త్ కొత్త వెర్షన్లో హెల్ప్ డూప్ అంటే వచ్చేస్తుందిగా. సీ డూప్ అంటే ఆ పదాన్ని విప్పి కూడా చూపిస్తుంది. ఫ్యాక్టర్ అనే భాషలో అయితే \ డూప్ హెల్ప్ అంటే పూర్తి పేజీ, ఉదాహరణలతో సహా. పైగా ఫ్యాక్టర్‌లో ఫంక్షన్ సిగ్నేచర్ (ఏం తీసుకుని ఏం ఇస్తుందో చెప్పే లైన్) తప్పు రాస్తే కంపైలరే పట్టుకుంటుంది, ఫోర్త్ సిగ్నేచర్లని ఎవరు నమ్ముతారు.

పాతకాపు:
ఫోర్త్‌లో సిగ్నేచర్ అనేదే లేదు. ( -- ) మధ్యలో రాసేది కామెంట్. ( అనేది కూడా ఒక పదమే, దాని పనల్లా ) కనపడేదాకా చదివి పారేయడం. అందుకే దాని తర్వాత స్పేస్ ఉండాలి. ఫంక్షన్ అని కూడా అనకు.

స్టాక్‌మిత్ర:
సార్, కామెంటో సిగ్నేచరో, మనిషి చదివేది దాన్నే కదా, ఈ టూల్ చూపించేదీ దాన్నే. మెషీన్ చెక్ చెయ్యని దాన్ని డాక్యుమెంటేషన్‌లో పెట్టుకుని స్టాండర్డ్ తప్పా అని అడగడం ఏంటని నా పాయింట్.

పాతకాపు:
మెషీన్ చెక్ చేస్తేనే నిజమా? ( -- ) మధ్యలో ఆ స్టాక్ ఎఫెక్ట్ రాయడం ప్రోగ్రామర్ క్రమశిక్షణ. అది లేనివాడికి కంపైలర్ ఏం నేర్పుతుంది.

సున్నా_ఆర్గ్యుమెంట్:
మీరిద్దరూ కానివ్వండి. @కొత్త_ఫోర్తీ పేజీలు ఎక్కడ్నుంచి తీస్తున్నావ్? ఒక్కో పదానికి ఒక్కో ఫైలా?

కొత్త_ఫోర్తీ:
అవును, అది చెప్పలేదా? ఫోర్త్ 2012 స్టాండర్డ్ పేజీల నుంచి డాక్స్ అనే ఫోల్డర్లో డూప్.టెక్స్ట్, స్వాప్.టెక్స్ట్ ఇలా పెట్టా. పైన నంబరు, పేరు ఉన్న హెడ్డింగ్ లైన్ తీసేశా, ఎలాగూ నేను అడిగిన పదమే కదా మళ్ళీ ఎందుకని. స్క్రిప్ట్ ఏమో డాక్స్/ తర్వాత పదం, తర్వాత .టెక్స్ట్ అతికించి క్యాట్ చేస్తుంది, అంతే.

సున్నా_ఆర్గ్యుమెంట్:
దొరికింది. డాక్స్/ కి /మాడ్ అతికిస్తే డాక్స్//మాడ్.టెక్స్ట్ అవుతుంది. రెండు స్లాష్‌లు పక్కపక్కన ఉంటే సిస్టమ్ ఒక్కటిగానే చూస్తుంది. అంటే తెరుచుకునేది డాక్స్/మాడ్.టెక్స్ట్. నువ్వు ఇంతసేపూ చదివింది మాడ్ పేజీ! మాడ్ శేషం ఒక్కటే ఇస్తుంది కాబట్టి ( ఎన్1 ఎన్2 -- ఎన్3 ) అన్నది దానికి కరెక్టే. /మాడ్‌ది ( ఎన్1 ఎన్2 -- ఎన్3 ఎన్4 ), శేషం, భాగఫలం రెండూ. నీ 2 3 అదే. హెడ్డింగ్ ఉంచి ఉంటే పైనే 6.1.1890 మాడ్ అని కనపడేది. /, */, 2/ దొరకనిదీ ఇందుకే, పేరులో స్లాష్ ఉన్న ఫైల్ యూనిక్స్‌లో పుట్టదు, నీ డౌన్‌లోడ్ స్క్రిప్ట్ వాటిని ఎక్కడ పారేసిందో చూసుకో, లేదా మాడ్ మీదే /మాడ్ రాసి ఉండేది, అది జరగకపోవడం అదృష్టం.

ఫైల్ పేరుగా పదాన్ని వాడకు. స్టాండర్డ్‌లో ప్రతి పదానికీ నంబరుంది, / కి 6.1.0230, /మాడ్‌కి 6.1.0240, డూప్‌కి 6.1.1290. అదే ఫైల్ పేరుగా పెట్టుకో, ఏ పదం ఏ నంబరో చెప్పే ఇండెక్స్ ఫైల్ ఒకటి, పదం, ట్యాబ్, నంబర్. జీఫోర్త్ సొంత పదాలకి ఈ నంబర్లుండవు కాబట్టి వాటికి నువ్వే ఏదో ఒకటి ఇచ్చుకోవాలి.

కొత్త_ఫోర్తీ:
ఓహ్. సరే ఇండెక్స్‌లో గ్రెప్ (వెతికే కమాండ్) చేసుకుంటాలే.

ఏకవాక్యం:
గ్రెప్ వద్దు.

కొత్త_ఫోర్తీ:
ఎందుకు??

సున్నా_ఆర్గ్యుమెంట్:
గ్రెప్‌కి . ఇస్తే ఏ అక్షరమైనా సరే అనుకుంటుంది, ఇండెక్స్ మొత్తం కుమ్మరిస్తుంది. మైనస్ పెద్ద ఎఫ్ పెడితే ఆ గోల పోతుంది కానీ మాడ్ అడిగితే /మాడ్, */మాడ్, ఎఫ్ఎమ్/మాడ్ అన్నీ వస్తాయి. మైనస్ డబ్ల్యూ పెడదామంటే దాని లెక్కలో స్లాష్ అక్షరం కాదు, సరిహద్దు, కాబట్టి /మాడ్‌లోని మాడ్ కూడా పూర్తి పదమే. ఆక్ (కాలమ్‌ల వారీగా చదివే టూల్) వాడి మొదటి కాలమ్ సమానమా కాదా అని పోల్చు, ఫీల్డ్ సెపరేటర్ ట్యాబ్, రెండు వైపులా చిన్న అక్షరాలకి మార్చి, ఎందుకంటే స్టాండర్డ్‌లో పేర్లన్నీ పెద్దక్షరాల్లో ఉంటాయి. పదాన్ని ఆక్‌కి మైనస్ వీ తో పంపితే బ్యాక్‌స్లాష్‌ని అది ఎస్కేప్ అనుకుంటుంది, ఫోర్త్‌లో \ ఒక పదం మరి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా పంపు.

ఇంకొకటి, కోట్స్ పెట్టడం నువ్వు రోజూ మర్చిపోతావు, ఎవరైనా మర్చిపోతారు. ఆర్గ్యుమెంట్ లేకపోతే వాడుక చెప్పి ఆగిపోకుండా "పదం:" అని అడిగి రీడ్ మైనస్ ఆర్ తో చదువు. అక్కడ కొట్టినది షెల్ ముట్టుకోదు, ;, (, ." ఏదైనా నేరుగా వస్తుంది. మైనస్ ఆర్ లేకపోతే మళ్ళీ బ్యాక్‌స్లాష్ తినేస్తుంది.

జెడ్_అభిమాని:
జెడ్‌ఎస్‌హెచ్‌లో అలియాస్‌కి ముందు నోగ్లాబ్ (* ? లని విప్పొద్దని చెప్పే మాట) పెట్టుకుంటే కోట్స్ అక్కర్లేదు

ఏకవాక్యం:
> కి పనిచెయ్యదు.

జెడ్_అభిమాని:
* ? లకి పనిచేస్తుందిగా, అన్నీ కావాలంటే ఎలా

కొత్త_ఫోర్తీ:
నడిచింది, నంబర్లతోనే పెట్టా, పదం అడిగే పద్ధతి బాగుంది. థాంక్స్ అందరికీ. ఎస్" కి మాత్రం రెండు పేజీలొస్తున్నాయి, 6.1.2165 ఒకటి, 11.6.1.2165 ఒకటి, ఏది చూపించాలి?

పాతకాపు:
రెండూ. మొదటిది కోర్, రెండోది ఫైల్ వర్డ్‌సెట్ (ఫైళ్ళ పనుల పదాల గుంపు). కోర్‌లో ఎస్" ని ఇంటర్‌ప్రెట్ చేసేటప్పుడు (కొట్టిన వెంటనే నడిపేటప్పుడు) ఏమవ్వాలో చెప్పలేదు, ఫైల్ వర్డ్‌సెట్ చెప్పింది. జీఫోర్త్‌లో రెండోదే వర్తిస్తుంది. అన్నట్టు /మాడ్ పేజీలో ఆ ఫ్లోర్డ్ సంగతి తీసెయ్యలేదు కదా?

జెడ్_అభిమాని:
ఈ ఇండెక్స్ ఫైల్ పెట్టుకుని ట్యాబ్ కొడితే పదం పూర్తయ్యేలా ఎవరైనా చేశారా? ( తో మొదలయ్యేవాటి దగ్గర నాది తేలట్లేదు