లాన్ మోవర్ డెక్కు అడుగున గట్టిపడిన గడ్డిని ఎలా తీయాలి?

ప్రశ్న (హనుమకొండ)
అందరికీ నమస్కారం. మా పాఠశాల ఆవరణలోని పచ్చికను పెట్రోలు మోవర్‌తో నేనే కోస్తుంటాను. జూన్‌లో వానలు మొదలైనప్పటి నుంచి బ్లేడును కప్పి ఉండే డెక్కు లోపలి వైపున గడ్డి ముద్దలుగా అతుక్కొని, ఎండి, మట్టిగోడలా గట్టిపడింది. అందువల్ల యంత్రం గడ్డిని సంచిలోకి విసరకుండా కుప్పలు కుప్పలుగా వెనకే వదిలేస్తున్నది. పోయిన ఆదివారం యంత్రాన్ని పక్కకు వంచి ఇనుప తాపీతో గీకితే రంగు లేచిపోయింది, తిరిగి స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ దట్టంగా వచ్చింది. ఇంజను పాడైందేమోనని ఆందోళనగా ఉన్నది.

మొదటి జవాబు (నర్సంపేట)
ఇంజను పాడై ఉండదు. వంచినప్పుడు ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు కిందికి వచ్చి, ఇంజన్ ఆయిల్ ఫిల్టర్‌లోకి, కార్బురేటర్‌లోకి కారి ఉంటుంది. ఆ ఆయిల్ కాలినందువల్లే తెల్లపొగ వచ్చి ఉంటుంది. ఫిల్టర్ తీసి చూడండి. కాగితపుదై తడిసి ఉంటే కొత్తది వేయాలి, స్పాంజిదైతే సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ఆయిల్ మట్టం కూడా చూసుకోండి.

ఇక శుభ్రం చేసే ముందు స్పార్క్ ప్లగ్గు తీగను తప్పనిసరిగా ఊడదీయండి. బ్లేడును చేత్తో తిప్పితే ఇంజను కూడా తిరుగుతుంది కాబట్టి అది అనుకోకుండా స్టార్ట్ అయితే వేళ్లు పోతాయి. ఈ ఒక్క విషయంలో ఎవరూ తొందరపడవద్దని నా మనవి. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు, ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా వంచి, గట్టిపడిన చోట తడిపిన గోనెసంచిని అరగంట కప్పి ఉంచితే గడ్డి మెత్తబడుతుంది. అప్పుడు వెదురుబద్దతో గాని, ప్లాస్టిక్ లప్పం పట్టీతో గాని గీకితే రంగు చెడకుండా పెళ్లలుగా ఊడివస్తుంది. రంగు లేచిన చోట తడిగడ్డి నిలిస్తే తుప్పు పడుతుంది కనుక అక్కడ ఇనుముకు వేసే ప్రైమర్ పూయండి. బ్లేడు ఇరుసు మీదికి నీళ్లను ధారగా కొట్టవద్దు.

గడ్డి కుప్పలుగా పడటానికి కారణం కూడా డెక్కు లోపల గట్టిపడిన ఆ గడ్డే. బ్లేడు చివరలు పైకి వంగి ఉండటం వల్ల డెక్కు లోపల గాలి సుడి తిరిగి గడ్డిని లేపి సంచిలోకి విసురుతుంది. ఆ గాలి తిరిగే చోటంతా ఎండుగడ్డి నిండితే విసురు తగ్గిపోతుంది.

రెండవ జవాబు (హుజూరాబాద్)
కొందరు మళ్లీ అంటకుండా వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయమంటారు. దయచేసి పూయకండి. అది కారిన చోట గడ్డి మాడిపోతుంది, పైగా అది పిల్లలు ఆడుకునే నేల. డెక్కు బాగా ఆరాక సిలికాన్ స్ప్రే కొడితే కొన్ని కోతల దాకా పనిచేస్తుంది.

మూడవ జవాబు (జగిత్యాల)
అసలు తడిగడ్డిని కోయకపోవడమే మేలు. వానాకాలంలో గరిక, తుంగ త్వరగా ఎదుగుతాయి కాబట్టి ఒక్కసారే పొట్టిగా కోయాలనిపిస్తుంది. కాని ఎత్తులో మూడో వంతుకు మించకుండా, మంచు ఆరిపోయిన మధ్యాహ్నం పూట, అవసరమైతే రెండు విడతలుగా కోయండి. కోసిన రోజే గీకితే అయిదు నిమిషాల పని.

ప్రశ్న అడిగినవారు
మీరన్నట్లే కాగితపు ఫిల్టర్ ఆయిల్‌తో తడిసి ఉన్నది. కొత్తది వేశాక కాసేపు పొగ వచ్చి ఆగిపోయింది. వెదురుబద్దతో గీకితే దాదాపు సగం బకెట్ గడ్డిపెళ్లలు వచ్చాయి. నేను లేనప్పుడు వాచ్‌మన్ కోస్తాడు కాబట్టి, ఏ వైపు పైకి ఉండాలో యంత్రం మీదనే తెల్లరంగుతో గుర్తు పెట్టాను.