సమస్యాపూరణం: పూవు నీటిలో ముంచిరి పొగలు రేగ

(చంపకం, కందపద్యం, గోదావరి గట్టు, అరసున్న: సభ్యుల కలం పేర్లు)

నిర్వాహకులు: ఈ పాదం తట్టినప్పటి నుంచి వదలడం లేదు. ఇది నాలుగో పాదంగా తేటగీతి పూరించండి. సందర్భం మాత్రం మారకూడదు: జపానులో ఓబొన్ (పితృదేవతల పండుగ) సెలవుల రాత్రి, ఆతిథ్యమిచ్చిన కుటుంబం పెరట్లో బొగ్గుల మీద విందు, ఆపైన బాణసంచా.

చంపకం:
విందు ముగిసిన పెరటిలో వెలుఁగు చిమ్ము
కాకరపువుల పిల్లలు కాల్చి కాల్చి
బకెటు చెంతకు వచ్చిరి భద్ర మెంచి
పూవు నీటిలో ముంచిరి పొగలు రేగ.

కందపద్యం: రెండో పాదంలో "పువుల", నాలుగో పాదంలో "పూవు". ఏది నిజం? రెండో "కాల్చి" గణం నింపడానికే వచ్చింది.

చంపకం: జాత్యేకవచనం అండీ. పోయిన సమస్యలో తమరు కొటత్సు (దుప్పటి కప్పి కింద వేడి పెట్టే జపాను బల్ల) కింద పొగ పెట్టినప్పుడు నేను అడ్డు రాలేదు. ఇప్పటి కొటత్సుల్లో ఉండేది కరెంటు హీటరు.

నిర్వాహకులు: కొటత్సు సంగతి ఆ చర్చలోనే తేల్చుకోండి. ఇక్కడ "భద్ర మెంచి" నాకు నచ్చింది. మొదటి పువ్వు వెలిగించకముందే సగం బకెట్టు నీళ్ళు పక్కన ఉండాలి. ఆరిపోయాక కూడా తీగ చేయి కాల్చేంత వేడిగా ఉంటుంది. రాత్రంతా నాననిచ్చి, ఆ ఊరి పద్ధతి ప్రకారం చెత్తలో వేస్తారు.

గోదావరి గట్టు:
కాల్చు మాంసము తినివేసి కడకు వారు
మట్టిపొయ్యిలో మిగిలిన మంచి బొగ్గు
నార్ప బకెట్టు తెచ్చిరి నవ్వుకొనుచు
పూవు నీటిలో ముంచిరి పొగలు రేగ.
(పూవు = నిప్పుపూవు)

కందపద్యం: "బకెట్టు" జగణం (లఘువు, గురువు, లఘువు), తేటగీతిలో ఇక్కడ పడదు. చంపకం గారు "బకెటు" అని గట్టెక్కారు, మీరు ద్విత్వం పెట్టి మునిగారు. "నార్పఁ దొట్టిని" అంటే సరిపోతుంది.

ఛందస్సు కన్నా పొయ్యి గురించి నా బాధ ఎక్కువ. షిచిరిన్ అనే ఆ జపాను బొగ్గుల పొయ్యిని డయాటమ్ మట్టితో (సూక్ష్మ నాచు శిలాజాల మట్టితో) చేస్తారు. ఇషికావాలోని నోతో ద్వీపకల్పం దానికి పేరు. కాలుతున్న పొయ్యిలో నీళ్ళు పడితే మట్టి పగులుతుంది, బూడిద ముఖం మీదికి లేస్తుంది. పట్టకారుతో బొగ్గు తీసి మూత గట్టిగా పట్టే కుండలో వేస్తే గాలి ఆడక ఆరుతుంది, మళ్ళీ వాడుకోవచ్చు. మీ "మంచి బొగ్గు" వాకయామా బించోతాన్ (గట్టి తెల్లబొగ్గు) అయితే నీటిలో ముంచడం పాపమే. అది అంటుకోవడమే కష్టం: మామూలు బొగ్గు రాజేసి, దాని పక్కన పెట్టి మెల్లగా వేడెక్కించాలి. తడిసినదాన్ని ఒక్కసారిగా పెద్ద మంటలో పెడితే పేలి ముక్కలు ఎగురుతాయి. ఇక నీటిలో వేస్తే వచ్చేది ఆవిరి, పొగ కాదు.

గోదావరి గట్టు: "తొట్టిని" తీసుకున్నాను. ఆవిరి మాట కూడా ఒప్పుకుంటాను. అయినా కందపద్యం గారి పూరణ ఇంకా రాలేదు.

అరసున్న:
కాగితపుఁ బోఁగు చివరను గనలు బొట్టు
మొగ్గయై, సూదులై, కొమ్మ ముంగురులయి,
రాలు చేమంతి రేకులై రాత్రి నాఱె
పూవు నీటిలో ముంచిరి పొగలు రేగ.

నిర్వాహకులు: ఆహా! సెంకో హనాబి (జపానువారి చేతి కాకరపువ్వు) నాలుగు దశలూ వరసగా వచ్చాయి: పియోనీ మొగ్గ, పైన్ సూదులు, కిందికి వాలే విల్లో కొమ్మ, రాలే చేమంతి. విల్లోను "కొమ్మ ముంగురులు" అనడం ఈ చర్చకే అందం. "కాగితపుఁ బోఁగు" కూడా తూకం వేసిన మాట. తోక్యో వైపు వాడేది కాగితం పురి, కొస కిందికి వేలాడాలి. కన్సాయ్ (ఒసాకా, క్యోటో ప్రాంతం) వైపుది గడ్డి పుల్ల, కొస పైకి ఏటవాలుగా పట్టాలి.

చంపకం: కాగితం రకాన్ని కూడా నిట్టనిలువుగా కాక కాస్త వాలుగా పట్టుకుంటే బొట్టు నిలుస్తుంది. మందు పైభాగాన మెడ వదులుగా ఉంటే ముందే ఇంకోసారి పురి తిప్పాలి. గాలి తగిలినా చేయి వణికినా సూదుల దశలోనే రాలిపోతుంది.

కందపద్యం: పద్యం బాగుంది. కానీ చేమంతి రాలాక పొగ ఎక్కడిది? అందులో ఉండే మందు గ్రాములో పదోవంతు కూడా ఉండదు.

అరసున్న: మూడో పాదం మారుస్తున్నాను:
రాలెఁ జేమంతియై, పొయ్యి రాఁజుచుండ

గోదావరి గట్టు: అంటే పొగ నా పొయ్యిదే! పంది మాంసం కొవ్వు బొగ్గు మీద కారితే వచ్చే పొగ. మొక్కజొన్నకు సోయా సాస్ ముందే పూసినా అంతే, మాడి పొగ లేస్తుంది. గింజ ఉడికాక చివర్లో పూయాలి.

కందపద్యం: ఇప్పుడు పొగకు ఆధారం దొరికింది, నాకు అభ్యంతరం లేదు. పచ్చి మాంసం తిప్పే పట్టకారు వేరు, తినే చాప్‌స్టిక్స్ వేరు అన్న మాట ఎవరైనా పద్యంలో పెడితే ఇంకా సంతోషిస్తాను.

నిర్వాహకులు: ఆ పని తమరిదే. రేపటి దాకా గడువు.