దొంగదారి వలసలకు పేదరికమే కారణమా?

గాజువాక_కరపత్రం:
ఐటీఐ, డిగ్రీ అయిన కుర్రాళ్లకి విదేశీ ఉద్యోగాల మీద గాజువాకలో ఒక గంట క్లాసు పెడుతున్నాం. కరపత్రంలో మొదటి వాక్యం "పేదరికం వల్లే జనం అక్రమంగా దేశాలు దాటుతున్నారు" అని రాశారు. నాకది పొసగట్లేదు. 2024 మేలో మన విశాఖ పోలీసులు బయటపెట్టిన కాంబోడియా కేసులో (ఉద్యోగమని తీసుకెళ్లి ఆన్‌లైన్ మోసాల ముఠాలకి అమ్మేసిన కేసు) ఒక్కొక్కరు లక్షన్నర దాకా ఏజెంట్ల చేతిలో పోశారు. తిండికి లేనివాడికి లక్షన్నర ఎక్కణ్ణుంచి వస్తుంది? వాళ్లకి చదువుంది, పాస్‌పోర్టుంది. మరి సరైన దారిలో ఎందుకెళ్లరు? తెలిసినవాళ్లు చెప్పండి.

సీతమ్మధార_మాస్టారు:
ఆ వాక్యం కొట్టేయండి. బొత్తిగా లేనివాడు దేశం దాటలేడు. వాడు చెన్నైలో కూలికో, ఇటుక బట్టీకో వెళ్తాడు. దేశం దాటేది అప్పు పుట్టేవాడు. అంటే ఇంట్లో కాస్త బంగారమో, సెంటో రెండు సెంట్లో జాగా ఉన్నవాడు.

అసలు కిటుకు వీసా ధరలో ఉంది. రిజిస్టర్డ్ ఏజెంటు వర్కరు దగ్గర తీసుకోదగ్గ సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30,000. దానిమీద 18 శాతం జీఎస్టీ వేస్తే 35,400. అది దాటి లక్ష, లక్షన్నర అడుగుతున్నారంటే వీసానే సరుకు చేసి అమ్ముతున్నారన్నమాట. అక్కడి యజమాని వైపువాడు అమ్ముతాడు, ముంబైవాడు తన వాటా వేసుకుంటాడు, చివరికి ఊళ్లో "మనోడే" అనిపించుకునే సబ్ ఏజెంటు. ఈ సబ్ ఏజెంటుకి చట్టంలో చోటే లేదు. డబ్బంతా చేతులు మారేది మాత్రం వాడి దగ్గరే, రసీదు లేకుండా.

ఇప్పుడు లెక్కేయండి. లక్షన్నర మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 4,500 వడ్డీకే పోతుంది. చెప్పిన జీతం అక్కడ సగమే ఇచ్చినా తిరిగి రాలేడు, వస్తే అప్పులవాడు గుమ్మంలో ఉంటాడు. అక్కడే ఉండి, ఎక్కువిస్తామన్న ఇంకోచోట చేరతాడు. ఆ రోజునుంచే అక్రమం. కాబట్టి అప్పు అనేది వెళ్లడానికి ఒక్కదానికే కాదు, తిరిగి రాకపోవడానికీ కారణం.

కంచరపాలెం_ఖాళీవీసా:
మాస్టారి మాటకి ఒకటి చేరుస్తాను. "దొంగదారి" అన్న మాటే సగం తప్పండి. గల్ఫులో చట్టవిరుద్ధంగా ఉన్నవాళ్లలో ఎక్కువమంది సరైన వీసాతో, స్టాంపు వేయించుకుని దిగినవాళ్లే. అక్కడ చాలాచోట్ల వీసా మనిషికి కాదు, కఫీల్‌కి, అంటే వీసా ఇప్పించిన యజమానికి కట్టి ఉంటుంది. కఫీల్ దగ్గర్నుంచి బయటికెళ్లి వేరేచోట పనిచేస్తే ఆకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, చెల్లదు. సౌదీలో అయితే యజమాని "హురూబ్", అంటే పని వదిలి పారిపోయాడని కేసు పెడితే, మనిషి పారిపోయినవాడి కింద లెక్కకొస్తాడు. జీతం ఎగ్గొట్టిన యజమానే ముందుగా ఈ కేసు పెట్టేసే సందర్భాలూ ఉన్నాయి. మనవాళ్లు ఖల్లివెల్లి అనేది ఇలా అయినవాళ్లనే.

ఇంకో రకం ఆజాద్ వీసా. పేరుకి ఒక కఫీల్ ఉంటాడు, పని మాత్రం ఎక్కడ దొరికితే అక్కడ. "ఫ్రీ వీసా బాబూ, నీ ఇష్టం" అని అమ్ముతారు. అందులో ఫ్రీ ఏమీ లేదు, దిగిన మర్నాటినుంచే తప్పు మీదున్నట్టు. ఏళ్ల తరబడి జరిమానా పేరుకుంటుంది, కట్టలేక, జరిమానా మాఫీ చేసే క్షమాభిక్ష కోసం చూస్తారు. కువైట్, యూఏఈ రెండూ 2024లో ఇచ్చాయి.

ఎంవీపీ_ఫైలు:
కాంబోడియాది వేరే సంగతి. దాని కారణం మన చట్టంలో ఉన్న కంత.

1983 ఎమిగ్రేషన్ చట్టం తాపీపనికి, ఇంటిపనికి గల్ఫు వెళ్లేవాళ్లని మనసులో పెట్టుకుని రాసింది. పదో తరగతి పాసవ్వనివాడి పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం. వాడు పనికోసం 18 దేశాలకి వెళ్తే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. గల్ఫు, మలేషియా, థాయ్‌లాండ్ ఆ జాబితాలో ఉన్నాయి. కాంబోడియా లేదు. మన కుర్రాళ్లేమో పది పైన చదివినవాళ్లు, కాబట్టి వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కాదు. పైగా ఇచ్చేది టూరిస్టు వీసా. అంటే ఈ మనిషి పనికి వెళ్తున్నాడని ఏ కాగితంలోనూ ఉండదు, అడిగే అధికారీ ఉండడు. చదువుకున్నవాడికి కాపలా అక్కర్లేదన్న ఆ పాత లెక్కే ఈ ముఠాలకి దారైంది.

సింగపూర్‌లో డేటా ఎంట్రీ అని చెప్పారు, దింపింది కాంబోడియాలో. అక్కడ పాస్‌పోర్టు లాక్కుని, ఫోన్లలో మనవాళ్లనే మోసం చేసే పని అప్పగించారు. టైపింగు, కంప్యూటర్ వచ్చినదాన్నిబట్టి మనిషికి 2,500 నుంచి 4,000 డాలర్లకి అమ్మారని అప్పట్లో మన పోలీసులు చెప్పారు. గడువు దాటి ఉన్న ప్రతి రోజుకీ అక్కడ 10 డాలర్ల జరిమానా. బయటపడ్డవాడు కూడా ముందు ఆ దేశానికే తప్పుచేసినవాడవుతాడు.

లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపితే శిక్ష? రెండేళ్ల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా. రెండు వేలు! మనిషికి లక్షన్నర తీసుకునేవాడికి అది టీ ఖర్చు.

ద్వారకానగర్_ఎఫ్1:
అమెరికా సంగతి రెండు ముక్కలు. మెక్సికో గోడ ఎక్కే డంకీ (దొంగదారిన సరిహద్దు దాటే) బాపతు మనవైపు తక్కువ. మనకి ఎక్కువ కనిపించేది స్టేటస్, అంటే అక్కడ చట్టబద్ధంగా ఉండే హక్కు, పోవడం. ఓపీటీలో (చదువయ్యాక కొన్నాళ్లు పనిచేసుకోనిచ్చే అనుమతి) మొత్తం 90 రోజులు ఉద్యోగం లేకపోతే స్టేటస్‌కి ముప్పు. హెచ్-1బీ ఉద్యోగ వీసాలు ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20,000, అదీ లాటరీ. లాటరీ రానివాడు "క్లాసులక్కర్లేదు, ఫీజు కడితే చాలు" అనే కాలేజీకి మారతాడు. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అలాంటిదే అనుకుని చాలామంది చేరారు. దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వమే, వలగా. 2019 జనవరిలో పట్టుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు. చదువుకి తెచ్చిన లోను ఇక్కడ తీరకపోవడమే వాళ్లని అక్కడ నిలబెట్టింది. మాస్టారు చెప్పిన అప్పే ఇది, బ్యాంకు రూపంలో.

గాజువాక_కరపత్రం:
అందరికీ థాంక్సండి. మొదటి వాక్యం మారుస్తున్నాను. క్లాసులో చివరి పది నిమిషాలు "ఎలా చూసుకోవాలి" అని పెట్టాలి. ఏం చెప్పమంటారు?

ఎంవీపీ_ఫైలు:
ముందు వీసా మీద ఏ రకమని ఉందో చదివించండి. టూరిస్టు, విజిట్ అని ఉంటే "అక్కడికెళ్లాక మార్చుతాం" అన్న మాట నమ్మొద్దు. సింగపూర్ ఉద్యోగమైతే బయల్దేరకముందే యజమాని తీసుకున్న ఐపీఏ లెటర్ (వర్క్ పాస్‌కి ముందస్తు అనుమతి పత్రం) ఉండాలి, అది అక్కడి కార్మికశాఖ సైటులో సరిచూసుకోవచ్చు. లెటర్ సింగపూర్‌ది, టికెట్టు బ్యాంకాక్‌కి అయితే అక్కడితో ఆగిపోవాలి.

తర్వాత విదేశాంగశాఖ వాళ్ల ఈమైగ్రేట్ సైటులో ఏజెంటు పేరు ఉందో లేదో చూడాలి. లైసెన్సు నంబరు చూపించాడని వదిలేయకండి. వేరేవాడి నంబరు అచ్చేసుకుని తిరిగేవాళ్లున్నారు. సైటులో ఉన్న అడ్రసుకి వెళ్లి, "ఈయన మీ మనిషేనా?" అని అడగాలి. లైసెన్సు నిజమైనా ఈ ఉద్యోగం ఆ లైసెన్సు మీద నమోదై ఉండకపోవచ్చు, కాబట్టి యజమాని డిమాండ్ లెటరూ (ఇంతమంది కావాలని ఏజెంటుకి రాసిచ్చే ఉత్తరం), జీతం రాసిన కాంట్రాక్టూ అడగాలి. డబ్బు బ్యాంకులోనే, రసీదుతోనే. ఫోన్ పే కూడా ఆ సబ్ ఏజెంటు బావమరిది నంబరుకి కాదు.

సందేహముంటే విదేశాంగశాఖ ఉచిత నంబరు 1800 11 3090. కరపత్రంలో అది కాస్త పెద్ద అక్షరాల్లో వేయించండి, మడత మీద పడకుండా.