బొమ్మలన్నీ ఇచ్చేశాను, డబ్బులు రాలేదు. ఏం చేయమంటారు?

నీటిరంగులు:
అందరికీ నమస్కారం. నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఉద్యోగం కాదు, విడిగా ఒప్పుకున్న పనులే. ఐదు నెలల కిందట ఒక ప్రచురణ సంస్థకు 14 బొమ్మలు, ఒక అట్ట వేస్తానని ఒప్పుకున్నాను. కాగితం మీద ఒప్పందం లేదు, మాటలన్నీ వాట్సాప్‌లోనే. అడ్వాన్స్ అడగడానికి మొహమాటపడ్డాను. పని బాగుంటే వాళ్లే ఇస్తారులే అనుకున్నాను.

ఆఖరి రోజు రాత్రి "పొద్దున్నే ప్రెస్సుకి వెళ్లాలి, లేయర్లతో సహా ఫైళ్లు పంపండి" అన్నారు. లేయర్లంటే బొమ్మలో ఒక్కో భాగాన్నీ విడిగా మార్చుకోగలిగే పొరలు. రెండు గంటలు కూర్చుని అన్నీ అప్‌లోడ్ చేశాను. "సూపర్ అండీ" అని ఒక మెసేజ్, పక్కన రెండు చేతులు జోడించిన ఎమోజీ. అంతే. ఇప్పటికి 9 వారాలైంది. మొదట్లో "ఈ వారం చూస్తాం" అనేవాళ్లు. తర్వాత "సార్ ఊళ్లో లేరు" అన్నారు. ఇప్పుడు నా మెసేజ్ కింద నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు. పుస్తకం మాత్రం అమ్మకానికి వచ్చేసింది. అట్ట మీద నా ఏనుగు పిల్లను చూస్తే సంతోషం మాట అటుంచి కడుపు మండుతోంది. గట్టిగా అడిగితే ఇక పని ఇవ్వరేమోనని టెన్షన్. ఇప్పుడేం చేయాలి? ఇకముందు ఇలా కాకుండా ఏం చూసుకోవాలి?

పాతడిజైనర్:
16 ఏళ్లుగా లోగోలు, అట్టలు చేస్తున్నానండీ. ముందు రావాల్సిన డబ్బు సంగతి చూద్దాం.

మీరు ఇన్‌వాయిస్ పంపారా? మీరు రాసినదాంట్లో ఆ మాటే లేదు. "డబ్బులెప్పుడు ఇస్తారు" అనే మెసేజ్‌ని అకౌంట్స్ వాళ్లు బిల్లు కింద తీసుకోరు. మీకు పని చెప్పిన మనిషి వేరు, డబ్బు పంపే మనిషి వేరు. నాకు ఒకసారి 4 నెలలు ఆగిపోయింది. ఎడిటర్‌కి ఫోన్ చేసి చేసి విసిగిపోయి, చివరికి అకౌంట్స్ ఆవిడ నంబరు అడిగి తీసుకుని మాట్లాడాను. "మీ బిల్లు మీద పర్చేజ్ ఆర్డర్ నంబరు లేదండీ, అందుకే పక్కన పెట్టాం" అంది. అంటే పని ఒప్పజెప్పేటప్పుడు సంస్థ తన లెక్కల్లో రాసుకునే ఆర్డర్ నంబరు. అలాంటిది ఒకటి వేయాలని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. వేసి పంపితే 6 రోజుల్లో డబ్బు పడింది. ఆ ఎడిటర్‌ని మనసులో ఎన్ని తిట్టుకున్నానో! పాపం ఆయనకూ తెలియదు. కాబట్టి ముందు మీ బిల్లు అసలు ఎవరి దగ్గరికి చేరాలో కనుక్కోండి.

ఈమెయిల్‌లో పంపండి. ఏం పని, ఏ రోజు ఇచ్చారు, ఎంత రావాలి, ఏ తేదీలోగా రావాలి. "వీలైనంత త్వరగా" అని రాయకండి, ఆ తేదీ ఎప్పటికీ రాదు. రేటుకు ఒప్పుకున్న మెసేజ్, ఆ "సూపర్ అండీ" మెసేజ్ రెండూ స్క్రీన్‌షాట్ తీసి జతచేయండి. పని అందింది, నచ్చింది అని వాళ్ల నోటితోనే వచ్చినట్టు. ఈ రోజే చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకోచోట దాచుకోండి, ఫోన్ పోతే మీ సాక్ష్యం కూడా పోతుంది.

ఇంకోటి. కాపీరైటు గురించి దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో 180కి పైగా దేశాలున్నాయి. ఆ ఒప్పందం ప్రకారం కాపీరైటు రావడానికి ఎక్కడా రిజిస్టర్ చేయించనక్కర్లేదు, బొమ్మ గీయగానే వస్తుంది. జీతానికి చేసిన పనైతే లెక్క వేరు, డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మలకు కూడా కొన్ని దేశాల్లో లెక్క వేరుగా ఉంటుంది. "హక్కులన్నీ మీవే" అని మీరెక్కడైనా రాసిచ్చేశారేమో చాట్‌లో వెతకండి. ఇవ్వకపోతే ఈమెయిల్‌లో మర్యాదగానే బొమ్మల హక్కుల మాట ఎత్తండి. పుస్తకం అమ్మకానికి ఉంది కాబట్టి వాళ్లు తప్పకుండా చదువుతారు. అప్పటికీ కదలకపోతే ఒక లాయరుకు ఈ కాగితాలన్నీ చూపించండి.

ఎడిటింగ్‌టేబుల్:
ఫైళ్ల గురించి ఒక మాట. నేను వీడియో ఎడిటర్‌ని. నచ్చిందో లేదో చూడమని పంపేదానికి, ఆఖరికి చేతికిచ్చేదానికి తేడా ఉండాలి. నేను చూడటానికి పంపే వీడియో మీద మధ్యలో టైమ్‌కోడ్, అంటే ఎన్నో నిమిషం ఎన్నో సెకనో చూపే అంకెలు, నడుస్తూ ఉంటుంది. మార్పులు చెప్పడానికి వాళ్లకు అదే సుఖం, కానీ అలాగే విడుదల చేసుకోలేరు. బొమ్మలకైతే వాటర్‌మార్క్‌ను (బొమ్మ మీద లేతగా వేసే పేరు) నమ్ముకోకండి, ఇప్పుడు దాన్ని చెరిపేయడం క్షణాల పని. సైజు తగ్గించి పంపండి. ఏ4 పేజీని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో, అచ్చు వేయాలంటే 2480 బై 3508 పిక్సెళ్లు కావాలి. మీరు 800 పిక్సెళ్ల వెడల్పుతో పంపితే ఫోన్‌లో చక్కగా కనబడుతుంది, పేజీ మీద మసకబారిపోతుంది.

కొత్తకుంచె:
ఇవన్నీ పేరున్నవాళ్లకు కుదురుతాయండీ. నేను ఈ మధ్యే మొదలుపెట్టాను. ముందే సగం అడ్వాన్స్ తీసుకోమని అందరూ అంటుంటారు, నాలాంటివాళ్లు అడిగితే అవతలివాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు.

పాతడిజైనర్:
మీ భయం నిజమే, నాకూ అలా పోయిన పనులున్నాయి. సగం కష్టమనిపిస్తే మూడు భాగాలు చేయండి. మొదలుపెట్టేటప్పుడు ఒకటి, పెన్సిల్ స్కెచ్‌లు ఓకే అన్నాక ఒకటి, పెద్ద ఫైళ్లు ఇచ్చే ముందు ఆఖరిది. మీరు నష్టపోయినా మూడో వంతే, వాళ్లకూ పని కళ్లముందు కనబడుతుంది. మధ్యలో వాళ్లే పని ఆపేస్తే ఎంత ఇవ్వాలో, ఎన్నిసార్లు మార్పులు ఉచితమో కూడా ముందే రాయండి. నేను రెండుసార్లు అని రాస్తాను. ఆ చిన్న వాక్యం లేక ఒక లోగోను 19 సార్లు మార్చాను. మొదటి భాగం ఇవ్వడానికే ఇష్టపడనివాళ్లు ఆఖరిది ఇస్తారని నాకైతే నమ్మకం లేదు.

నీటిరంగులు:
అందరికీ చాలా థాంక్స్. మీరన్నట్టే ఈమెయిల్ పంపి, అకౌంట్స్ వాళ్లతో ఫోన్‌లో మాట్లాడాను. నా పేరు మీద బిల్లే లేదన్నారు! ఇప్పుడు తీసుకున్నారు, ఈ నెల 28లోగా వేస్తామని ఈమెయిల్‌లో రాసిచ్చారు. చాట్ వెతికాను, హక్కుల గురించి నేనేమీ రాసివ్వలేదు. నిన్న ఇంకో పని వచ్చింది, 8 బొమ్మలు. మూడు భాగాలని రాసి, పంపే ముందు ఓ పావుగంట అలా చూస్తూ కూర్చున్నాను. పంపాను. "సరే, ఇన్‌వాయిస్ పెట్టండి" అని జవాబు వచ్చింది. పాతడిజైనర్ గారూ, స్కెచ్‌లు ఓకే అన్నట్టు ఈమెయిల్‌లోనే రాయించుకోవాలా, వాట్సాప్ మెసేజ్ చాలా?